పుట్టినింటికి మే దినం: 2006 అమెరికా వలసదారుల ఉద్యమం

అనుమతి పత్రాలు లేకుండా అమెరికాలో ఉండటం ప్రధానంగా పౌరచట్ట ఉల్లంఘనగానే పరిగణింపబడేది. దానిని తీవ్రనేరంగా మార్చే సెన్సెన్‌బ్రెన్నర్ బిల్లును 2005 డిసెంబరు 16న ప్రతినిధుల సభ 239–182 ఓట్లతో ఆమోదించింది. అట్టివారికి సాయపడేవారూ శిక్షార్హులు కావచ్చునన్న భయంతో, చట్టమైతే ధిక్కరించుమని తన మతాచార్యులకు చెబుతానని లాస్ ఏంజెలెస్ కార్డినల్ రోజర్ మహోనీ ప్రకటించారు.

2006 మార్చిలో షికాగో, లాస్ ఏంజెలెస్ వీధులు నిండిపోయాయి. వాదమంతా పేరు చుట్టూ తిరిగింది: వీరు ‘చట్టవిరుద్ధులా’, ‘పత్రాలు లేనివారా’? మెక్సికో జెండాలపై విమర్శ రాగానే తరువాతి ఊరేగింపులలో అమెరికా జెండాలు పెరిగాయి. దీనిని లొంగుబాటనడం తొందరపాటు. పౌరసత్వం అడిగేవారు పౌరుల చిహ్నాన్నే చేతబట్టారు.

పని మానివేయడానికి వారు ఎంచుకున్న రోజు మే 1. ఏటా మే దినం జరుపుకొనే తెలుగువారికి వింతగా తోచవచ్చును గాని, అమెరికాలో అధికారిక కార్మిక దినం సెప్టెంబరులో వస్తుంది. 1886లో ఎనిమిది గంటల పనికై షికాగోలో సాగిన పోరాటమూ చాలావరకు వలస కార్మికులదే. హేమార్కెట్ కేసులో దోషులుగా తీర్మానింపబడిన 8 మందిలో 6 గురు విదేశాలలో జన్మించినవారు.

బిల్లు చట్టం కాలేదు. క్రమబద్ధీకరణకు దారి చూపుతూ సెనేట్ మే 25న ఆమోదించిన బిల్లూ కాలేదు. అక్టోబరులో చట్టమైనది సరిహద్దున సుమారు 700 మైళ్ల కంచె.