ఇంటర్ తర్వాత పబ్లిక్ హెల్త్: డిగ్రీలో ఏం తీసుకోవాలి?

ఇంటర్ ఫలితాలు రాగానే అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గల్లీలు పిల్లలతో, తల్లిదండ్రులతో నిండిపోతాయి. నీట్‌లో సీటు రాని బైపీసీ పిల్లల ఇళ్లలో ‘మరి ఇప్పుడేం చదివించాలి?’ అన్నదే మాట. అలాంటప్పుడు వినిపించే పేర్లలో పబ్లిక్ హెల్త్, అంటే ప్రజారోగ్యం ఒకటి. మంచి చదువే. కానీ మన దగ్గర ఈ చదువుకు అసలు దారి డిగ్రీ తర్వాతే మొదలవుతుంది. ఈ సంగతి తెలియక ఫీజు కడితే డబ్బుతో పాటు మూడేళ్లూ పోతాయి.

ఇది ఏం చదువు?

డాక్టర్ ఒక రోగికి వైద్యం చేస్తారు. ప్రజారోగ్యం మొత్తం బస్తీని చూస్తుంది. ఒక గల్లీలో పది మందికి డెంగీ వస్తే మందులివ్వడం దవాఖానా పని. జ్వరాలు ఏ ఇళ్లలో వచ్చాయి, నీళ్ల డ్రమ్ములపై మూతలున్నాయా, దోమలు ఎక్కడ పెరుగుతున్నాయి అని లెక్క తీసి, మరో పది మందికి రాకుండా ఆపడం ప్రజారోగ్యం పని. అందుకే ఇందులో జీవశాస్త్రంతో పాటు లెక్కలు, సర్వేలు, పోషకాహారం, నీరు, పారిశుద్ధ్యం, ప్రభుత్వ పథకాలు అన్నీ ఉంటాయి.

ఈ చదువుకు ఈ ప్రాంతంతో పాత సంబంధం ఉంది. అమీర్‌పేటకు పక్కనే ఉన్న బేగంపేటలో, 1897 ఆగస్టు 20న, రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించారు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. మలేరియాను ఆపాలంటే దోమను ఆపాలి అన్న ఆలోచనకు బలం దొరికింది ఆ పరిశోధనతోనే.

నిమ్స్ కోర్సులు వేరు

పంజాగుట్టలోని నిమ్స్ 1964లో ఎముకల దవాఖానాగా మొదలై, 1989లో చట్టం ద్వారా విశ్వవిద్యాలయ హోదా పొందింది. ఇక్కడ బైపీసీ పిల్లలకు నర్సింగ్, ఫిజియోథెరపీతో పాటు డయాలసిస్, అనస్థీషియా, రేడియాలజీ లాంటి టెక్నాలజీ డిగ్రీలు ఉన్నాయి. మంచి కోర్సులే, కానీ ఇవి దవాఖానాలో, యంత్రాల దగ్గర చేసే పనికి సంబంధించినవి. వీటిని పబ్లిక్ హెల్త్ అనుకుని చేరకూడదు. అమీర్‌పేట దగ్గరే వెంగళరావునగర్‌లో ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ అండ్ ఫ్యామిలీ వెల్ఫేర్ ప్రధానంగా ఆరోగ్య శాఖ సిబ్బందికి శిక్షణ ఇచ్చే సంస్థ.

దారి ఎలా సాగుతుంది?

మన దేశంలో పబ్లిక్ హెల్త్ మొదటి నుంచీ పై చదువుగానే పెరిగింది. కోల్‌కతాలోని ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ 1932లో వచ్చింది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ 1997లో మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే ఎంపీహెచ్ మొదలుపెట్టింది. ఇప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ రెండేళ్ల ఎంపీహెచ్ ఉంది. డాక్టర్లు కాని డిగ్రీ విద్యార్థులు కూడా దీనికి ప్రయత్నించవచ్చు. అమెరికాలో డిగ్రీ స్థాయిలోనే ఈ సబ్జెక్టు చాలా చోట్ల దొరుకుతుంది. ఇక్కడ అలాంటి డిగ్రీలు తక్కువ.

కాబట్టి డిగ్రీలో గట్టి పునాది వేసుకుని, తర్వాత ఎంపీహెచ్‌కి వెళ్లడం మేలు. బైపీసీ వాళ్లకు మైక్రోబయాలజీ, న్యూట్రిషన్, జువాలజీ, నర్సింగ్ పనికొస్తాయి. ఎంపీసీ వాళ్లకు స్టాటిస్టిక్స్ మంచి దారి. రోగాల లెక్కలు తీసేవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఆర్ట్స్ వాళ్లకు సోషియాలజీ, సోషల్ వర్క్ ఉన్నాయి. బీఎస్సీ, బీఏ సీట్లు దోస్త్ ద్వారా నిండుతాయి. బేగంపేటలోనే ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. ఆడపిల్లను దూరం పంపలేని ఇళ్లకు అదొక సౌకర్యం.

డిగ్రీ పేరు ఎందుకు ముఖ్యం?

ప్రభుత్వ ఉద్యోగాల్లో ముందుగా చూసేది మూల డిగ్రీనే. ఉదాహరణకు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టు. 2011 నిబంధనల్లో మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, ఫుడ్ టెక్నాలజీ లాంటి డిగ్రీల పేర్లు రాసి ఉన్నాయి. పబ్లిక్ హెల్త్ డిగ్రీ పేరు ఆ జాబితాలో లేదు. బోర్డు మీద ఎంత పెద్ద పేరున్నా, నోటిఫికేషన్‌లో లేని డిగ్రీతో దరఖాస్తే నిలవదు.

అందుకే ఫీజు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ పేరేంటి, దానికి యూజీసీ గుర్తింపు ఉందా? ఇది డిగ్రీనా, డిప్లొమానా, ఉత్త సర్టిఫికెటా? ఈ డిగ్రీతో ఏ పోస్టుకు అర్హత వస్తుంది, ఆ నోటిఫికేషన్ చూపిస్తారా? క్లాసులు ఎక్కడ, ఫీల్డ్ వర్క్ ఎక్కడ? జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద ఉండాలి.

ఖర్చుకు ఆసరా

బీసీ-ఈ కిందకు వచ్చే కుటుంబాలకు 2007 చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్ ఉంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఫలితాలకు ముందే మీసేవలో తీసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి. విదేశాల్లో పీజీ చేయాలనుకునే మైనారిటీ విద్యార్థుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2015లో ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం తెచ్చింది. అది డిగ్రీకి కాదు, పీజీకి. కాబట్టి డిగ్రీ మార్కులు తగ్గకుండా చూసుకోవాలి.

ఇంకో మాట. ఉర్దూ, తెలుగు రెండూ ధారాళంగా మాట్లాడే అమ్మాయో అబ్బాయో బస్తీలో సర్వేకి వెళితే, మామూలుగా గుమ్మం దగ్గరే ఆగిపోయే మాటలు ఇంటి లోపలిదాకా వెళతాయి. టీకా గురించి భయం ఎందుకో, గర్భిణి చెకప్‌కి ఎందుకు రాలేదో అమ్మీలు, నానీలు సొంత భాషలో చెబుతారు. మన ఇళ్ల పిల్లలకు ఈ నేర్పు పుట్టుకతోనే ఉంది. దానికి సరైన డిగ్రీ తోడైతే ఉద్యోగమూ దొరుకుతుంది, బస్తీకీ మేలవుతుంది.