కథకు ఆశ్రయము

గుంటూరునుండి గుంతకల్లునకు బోవు రైలుదారిలో వినుకొండకును దొనకొండకును నడుమ కురిచేడు కలదు. అట్టి యూర గూర్చుండి యొక గృహిణియో, యొక ఉపాధ్యాయుడో మంచి కథ వ్రాసెననుకొందము. దానిని లోకమున కెట్లు చేర్పవలెను? పూర్వకవికి రాజాస్థానము కలదు, కృతిభర్త కలడు. కథకున కట్టివా రెవరును లేరు. కథానిక అచ్చుతో బుట్టి తపాలాతో బెరిగినది. కావున దానికి ఆశ్రయమిచ్చిన పత్రికల చరిత్రయే చాలవరకు దాని చరిత్రయని మేము తలంచుచున్నాము.

1902లో భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' హిందూసుందరి పత్రికలో వెలువడెను. 1910లో గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' ఆంధ్రభారతిలో వచ్చెను. అప్పారావుగారి నివాసము విజయనగరము, పత్రిక బందరుది. రచయితకును పత్రికకును నడుమ నున్న దూర మడ్డము కాలేదు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు భారతి మాసపత్రికను స్థాపించినపిమ్మట కథకులకు మరియొక నెలవు దొరకెను.

స్త్రీల రచనలకు ప్రత్యేకముగా దోవ తీసినవారిలో డాక్టరు కె. ఎన్. కేసరిగారు స్మరణీయులు. ఒంగోలు ప్రాంతమున బుట్టి, మద్రాసున వైద్యవృత్తిలో పేరొందిన వీరు 1928లో గృహలక్ష్మి పత్రికను నెలకొల్పిరి. ఆ పత్రిక పక్షమున నిచ్చిన స్వర్ణకంకణమును 1934లో మొదట నందుకొన్నవారు బాపట్ల వాసియైన కనుపర్తి వరలక్ష్మమ్మగారు. స్త్రీ సభకు బోవుటయే వింతగా దోచిన యిండ్లెన్నో యున్న కాలమున ఆమె వ్రాత గడప దాటెను. దానికి గౌరవమును లభించెను.

పోటీల మేలును చిన్నది కాదు. కాకినాడ కళాశాలలో రసాయనశాస్త్రము బోధించిన పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' కథకు, న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథానికల పోటీలో 1952లో రెండవ బహుమతి వచ్చెను. తెలుగెరుగని పరీక్షకుల యొద్దకు ఆ కథ ఇంగ్లీషున బోయినది. మంచి అనువాదము లేనిదే మన కథకు పరదేశపు తలుపు తెరచుకొనదని దీనివలన దేలుచున్నది.

అయినను పోటీ యొక్కనాటి పండుగ. అందు బహుమతి పొందువారు కొందరే; తక్కినవారికి తమ కథలో లోపమేమో చెప్పువారుండరు. నెలనెలయు కథలు చదివి, త్రిప్పిపంపి, దిద్దించి, అచ్చువేయు సంపాదకుడే కథకునికి గురువు. అట్టి పత్రికలు తరుగుట శోచనీయము. భారతి 1991లో నిలిచిపోయినది. 1978లో బుట్టిన విపుల 2021లో ముగిసినది. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళమున స్థాపించిన కథానిలయము పాతకథలను భద్రపరచుచున్నది. క్రొత్తకథకు చోటిచ్చుట మాత్రము పత్రికల పనియే.

కొత్త రచయితలకు మేము మనవి చేయునది స్వల్పము. ఏ పత్రికకు బంపదలచితిరో దాని సంచికలు కొన్నియైన ముందు చదువుడు. పోటీ నిబంధనలలో హక్కుల మాట యెట్లున్నదో చూడుడు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి హక్కుల బదిలీ వ్రాతమూలముగా నుండవలెను. అందు గడువు చెప్పనిచో నది యైదేండ్లుగా నెంచబడును. ఇది తెలియక సంతకము చేయుట తగదు.

చదువరులకును ఒక మాట. బహుమతి యిచ్చుటకు దాత యొక్కడు చాలును. పత్రిక నిలుచుటకు వేయి యిండ్ల చందా కావలెను. మన యింట నొక పత్రికకైన చందా లేనపుడు, మంచి కథలు వచ్చుట లేదని నిట్టూర్చు హక్కు మనకు లేదు.