బట్టల సోడా: వంట సోడాకు దగ్గరి చుట్టం, వంటింటికి మాత్రం కాదు

కిరాణా కొట్టులో రెండు తెల్లటి పొడులు దొరుకుతాయి. ఒకటి బజ్జీల పిండిలో చిటికెడు వేసే వంట సోడా. రెండోది మురికి బట్టలు నానబెట్టే బట్టల సోడా. పేరు రాయని డబ్బాల్లో పోసి పెడితే చూపుతో తేడా కనిపెట్టడం కష్టం. పొరపాటున ఒకదాని బదులు మరొకటి వాడితే మాత్రం ప్రమాదం.

రెండింటికీ తేడా ఏమిటి?

వంట సోడా అంటే సోడియం బైకార్బనేట్. దాన్ని బాగా వేడి చేస్తే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి సోడియం కార్బనేట్ మిగులుతుంది. బట్టల సోడా అదే. వంట సోడా ద్రావణం పీహెచ్ 8 కంటే కాస్త ఎక్కువ, బట్టల సోడాది 11కు పైనే. పీహెచ్‌లో ఒక్కో అంకెకు తీవ్రత పది రెట్లు మారుతుంది. కాబట్టి రెండింటి క్షార స్వభావంలో తేడా వందల రెట్లు.

బట్టల సోడా స్ఫటికంలో ఒక్కో అణువుకు పది నీటి అణువులు జతగా ఉంటాయి. అంటే బరువులో దాదాపు 63 శాతం నీరే. గాలి తగిలితే ఆ నీరు పోతూ స్ఫటికాలు పొడిబారతాయి. నీరు పూర్తిగా తీసేసిన రూపాన్ని పరిశ్రమలో సోడా యాష్ అంటారు. అందుకే చెంచాడు పొడి, చెంచాడు స్ఫటికాలు ఒకే మోతాదు కావు.

ఉతుకులో ఎలా పనిచేస్తుంది?

సబ్బులు రాకముందు బట్టలు ఉతికేవారు వాడిన చౌడు మట్టికి మురికి వదిలించే గుణం ఉన్నది ఈ లవణం వల్లే. జిడ్డును అది విడగొడుతుంది. బోరు నీటిలో సబ్బు నురగ రాకపోవడానికి కారణం కాల్షియం, మెగ్నీషియం లవణాలు. సోడా కలిపితే కాల్షియం సున్నపు పొడిగా అడుగుకు చేరుతుంది.

లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీరు, అది ప్రధానంగా కాల్షియం వల్లే అయితే, 20 లీటర్ల బకెట్‌కు సుమారు 6.5 గ్రాముల సోడా యాష్ చాలు. స్ఫటికాలైతే 17 గ్రాములు. ముందుగా సోడా కలిపి, తేరుకున్నాక పైనీరు వాడితే బట్టలపై తెల్లటి పొర పడదు. ఇలా తేర్చిన నీరు తాగడానికి పనికిరాదు. పట్టు, ఉన్ని బట్టలను, అల్యూమినియం గిన్నెలను సోడా పాడుచేస్తుంది.

ఇంటి బయట

సోడా యాష్ ఎక్కువగా వెళ్లేది గాజు తయారీకి. ఇసుకలోని సిలికా కరగాలంటే సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. సోడా కలిపితే చాలా తక్కువ వేడికే కరుగుతుంది. సోడా ఒక్కటే కలిపిన గాజు నీటిలో కరిగిపోతుంది కాబట్టి సున్నపురాయినీ చేరుస్తారు. కిటికీ అద్దం, సీసా, సోలార్ పలకపై గాజు అన్నీ ఈ కోవలోవే.

బెల్జియంకు చెందిన ఎర్నెస్ట్ సాల్వే 1861లో ఉప్పు, సున్నపురాయి, అమ్మోనియాలతో దీన్ని తయారుచేసే పద్ధతి రూపొందించాడు. ఉప్పు, సున్నపురాయి రెండూ దొరికే గుజరాత్ తీరంలోనే భారత్‌లోని ఈ పరిశ్రమ ప్రధానంగా స్థిరపడింది. 1939లో మొదలైన టాటా కెమికల్స్‌కు మిఠాపూర్‌లో కర్మాగారం ఉంది. అమెరికాలోని వయోమింగ్, కెన్యాలోని మగాడి సరస్సు ప్రాంతాల్లో మాత్రం ట్రోనా అనే ఖనిజంగా నేల నుంచే లభిస్తుంది.

పాలలో కలిపితే

పులవడం మొదలైన పాలలో ఆమ్లాన్ని అణచడానికి కొందరు సోడా కలుపుతారు. పులుపు కనిపించదు, పెరిగిన సూక్ష్మజీవులు మాత్రం అలాగే ఉంటాయి. 5 మిల్లీలీటర్ల పాలకు అంతే ఆల్కహాల్, కొన్ని చుక్కల రోసాలిక్ ఆమ్లం కలిపినప్పుడు గులాబీ ఎరుపు వస్తే కల్తీ జరిగినట్టే.

పొరపాటు జరిగితే

కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీటితో కడగాలి. మింగితే నోరు పుక్కిలించి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బలవంతంగా వాంతి చేయిస్తే గొంతు రెండోసారి కాలుతుంది. విరుగుడని నిమ్మరసం, వెనిగర్ తాగించకూడదు. బట్టల సోడా డబ్బాపై పేరు రాసి, వంటింటి అరలో కాకుండా పిల్లలకు అందని చోట పెట్టడం అన్నిటికంటే తేలికైన జాగ్రత్త.