సలహా ఇచ్చి, ఆ పనిని నెత్తికెత్తుకున్న రావుగారు

సికింద్రాబాద్‌లో బస్సెక్కి ఏఎస్ రావు నగర్‌కు టికెట్ తీసుకునే కుర్రాళ్లను ఆ రావు ఎవరని అడిగి చూడండి. ఎవరో పాత నాయకుడై ఉంటాడంటారు. హైదరాబాద్ కాలనీలకు నాయకుల పేర్లో, దేవుళ్ల పేర్లో ఉండటం మామూలే కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. ఈ పేరు మాత్రం ఏ ప్రభుత్వమూ పెట్టింది కాదు. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్) ఉద్యోగులు ఇళ్లు కట్టుకుని, తమ పెద్దాయన పేరు పెట్టుకున్నారు. మేనేజింగ్ డైరెక్టర్ పేరును తమ ఇంటి అడ్రసులో రాసుకునే ఉద్యోగులున్న సంస్థలు మన దేశంలో ఎన్ని ఉంటాయో నాకు తెలియదు. సంస్థ షష్టిపూర్తి దగ్గరపడిన ఈ సమయంలో ఆ పేరు వెనకున్న మనిషిని కాస్త పరిచయం చేసుకుందాం.

అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. భీమవరం దగ్గరి ఊరది. అల్లూరి సీతారామరాజు పూర్వీకుల ఊరుగా అందరికీ తెలిసిందే. రావుగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. తిరిగొచ్చాక బొంబాయిలో హోమీ భాభా కొత్తగా పెట్టిన టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అప్పుడక్కడ కాస్మిక్ కిరణాల మీద పరిశోధన జరుగుతోంది. ఆకాశం నుంచి వచ్చిపడే కణాలను పట్టి లెక్కపెట్టాలంటే పరికరాలు కావాలి. వాటిని విదేశాల నుంచి తెప్పించుకోవడానికి డబ్బూ లేదు, ఆర్డరు పెట్టాక వచ్చేదాకా ఆగే ఓపికా లేదు. ఉన్న సామానుతో తయారు చేసుకోవడమే దారి. రావుగారి వృత్తి జీవితమంతా ఈ ఇబ్బందిలోంచే మొదలైందనాలి.

ఆయన్ను అణు శాస్త్రవేత్త అంటారు, అది సబబే. అయితే ఆయన పని యురేనియంతో కాదు, దాని జోరును క్షణక్షణం కనిపెట్టి చెప్పే పరికరాలతో. 1956 ఆగస్టు 4న బొంబాయిలోని ట్రాంబేలో అప్సర రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టింది. సోవియట్ యూనియన్‌ను పక్కనపెడితే ఆసియాలో అదే మొదటిది. నీళ్ల తొట్టి రకం, సామర్థ్యం ఒక మెగావాట్. ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. నియంత్రణ వ్యవస్థను మాత్రం రావుగారి ఎలక్ట్రానిక్స్ బృందం ఇక్కడే తయారు చేసింది.

ఆ పని ఎంత సున్నితమైనదో కొంచెం చెప్పుకోవాలి. రియాక్టర్ లోపల న్యూట్రాన్ల సంఖ్య పెరుగుతోందో తగ్గుతోందో కంటికి కనపడదు. దగ్గర్లో పెట్టిన అయనీకరణ గది నుంచి వచ్చే అతి సన్నని కరెంటే దానికి ఆనవాలు. పక్కనున్న మోటారు చేసే గోలలో కలిసి మాయమైపోయేంత బలహీనమైనదది. దాన్ని వడకట్టి, పెద్దది చేసి, ఆపరేటరు ముందున్న మీటరు ముల్లు కదిలేలా చేయాలి. హద్దు దాటితే మనిషి కోసం ఎదురుచూడకుండా నియంత్రణ కడ్డీలు లోపలికి పడిపోవాలి. అందుకే ఇలాంటి రియాక్టర్లలో కడ్డీలను విద్యుదయస్కాంతంతో పట్టి ఉంచుతారు. కరెంటు పోయినా, తీగ తెగినా అయస్కాంతం పట్టు వదులుతుంది, కడ్డీలు తమ బరువుకు తామే జారిపడతాయి. పరికరం చెడిపోతే నష్టం వైపు కాకుండా క్షేమం వైపు చెడాలన్నది ఇందులోని సూత్రం. ఇదంతా వాక్యూమ్ ట్యూబుల కాలంలో, దుకాణంలో విడిభాగాలు దొరకని దేశంలో జరిగింది. నెహ్రూ 1957 జనవరిలో వచ్చి లాంఛనంగా ప్రారంభించినప్పుడు తొట్టిలోని నీలికాంతిని అందరూ చూసి ఉంటారు. ప్యానెల్ వెనక తీగలను చూసినవాళ్లు తక్కువే అయి ఉంటారు.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. రాడార్లు, వైర్‌లెస్ సెట్ల విషయంలో మనం ఎంత వెనకబడి ఉన్నామో తెలిసొచ్చింది. మరుసటి ఏడాది కేంద్రం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీని వేసింది. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏఎస్ రావు సభ్యులు. భగవంతం అప్పటికి రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు, అంతకుముందు ఉస్మానియా వైస్ ఛాన్సలర్. అంటే దేశపు ఎలక్ట్రానిక్స్ ఎలా ఉండాలో తేల్చిన నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లన్నమాట. కొంచెం గర్వపడితే తప్పులేదు.

ప్రభుత్వ కమిటీల సంగతి మనకు తెలియనిది కాదు. పిల్లి మెడలో గంట కట్టాలని సిఫారసు చేసి, నివేదిక సమర్పించి, ఫొటో దిగి ఇంటికెళతారు. ఆ గంట కట్టేవాడు వేరే ఎవడో అయి ఉంటాడు. ఇక్కడ అలా జరగలేదు. 1966 జనవరిలో మౌంట్ బ్లాంక్ దగ్గర జరిగిన విమాన ప్రమాదంలో భాభా పోయారు. సర్క్యూట్ల దగ్గర్నుంచి కంప్యూటర్ల దాకా దేశంలోనే తయారు కావాలన్న కమిటీ ఆలోచన కాగితం మీద మిగిలింది. రావుగారి సలహాకు ఆయన్నే బాధ్యుణ్ణి చేసింది ప్రభుత్వం. 1967 ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ కింద హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ట్రాంబేలో పరికరాలు తయారు చేస్తున్న విభాగమే దానికి విత్తనం. నాలుగేళ్లకు దగ్గర్లోనే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. ఊరికి దూరంగా ఉన్న ఆ ప్రాంతానికి అలా కొత్త జనం చేరారు.

కంప్యూటర్ల కథలో తీపీ ఉంది, చేదూ ఉంది. 1969లో వచ్చిన టీడీసీ-12 ట్రాంబేలో రూపుదిద్దుకున్న పన్నెండు బిట్ల యంత్రం. మన దేశంలో డిజైన్ చేసి అమ్మకానికి పెట్టిన తొలి డిజిటల్ కంప్యూటర్ అదే. ఆ తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. బయటి కంప్యూటర్లకు దిగుమతి అనుమతి దొరకడం కష్టమైన డెబ్బైల్లో విశ్వవిద్యాలయాలకూ ప్రయోగశాలలకూ ఇవే దిక్కయ్యాయి. దిక్కయ్యాయి అన్నానంటే అందులో ఫిర్యాదు కూడా ఉంది. ధర ఎక్కువనీ, చెప్పిన తేదీకి రావనీ కొన్నవాళ్లు విసుక్కున్నారు. పోటీ లేనిచోట ఏ సంస్థకైనా వచ్చే రోగమే ఇది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లింది. దాదాపు అదే కాలంలో మినీకంప్యూటర్ల తయారీకి ప్రైవేటు కంపెనీలనూ అనుమతించారు. ఆ పోటీలో ఈసీఐఎల్ వెనకబడింది. షష్టిపూర్తి వేళ ఈ మాట ఎందుకంటారేమో. ఇది దాచి మిగతావి చెబితే మిగతావీ నమ్మరు.

నాకు కంప్యూటర్ల కంటే టీవీల సంగతే ఇష్టం. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. అప్పటికి మన పల్లెల్లో టీవీ చూసినవాళ్లే అరుదు. కోళ్లగూడుకు కట్టే వలలాంటి ఇనుప తీగతో పది అడుగుల గొడుగు చేసి, దాన్ని ఆకాశం వైపు తిప్పి పెట్టారు. ఆ గొడుగు పట్టిన సిగ్నల్‌ను బొమ్మగా మార్చే సెట్లు ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. ఎండకూ దుమ్ముకూ, వోల్టేజి హెచ్చుతగ్గులకూ ఓర్చుకోవాలి. మెకానిక్ ఎక్కడో పట్నంలో ఉంటాడు. రియాక్టర్ ప్యానెల్ చేసిన సంస్థకు నమ్మకంగా పనిచేయడం కొత్త పాఠం కాదు. పట్నాల్లో మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లోకి ఈసీఐఎల్ వారి ఈసీ టీవీ అప్పుడప్పుడే చేరుతోంది. కుచ్చుల గుడ్డ కప్పిన ఆ పెట్టె చాలామందికి గుర్తుండే ఉంటుంది.

పద్మశ్రీ 1960లో, భట్నాగర్ బహుమతి 1965లో, పద్మభూషణ్ 1972లో వచ్చాయి. 2003లో రావుగారు కన్నుమూశారు. తర్వాత సంస్థ చేసిన పెద్ద పనుల్లో బెంగళూరు దగ్గర బ్యాలాలులో చంద్రయాన్ కోసం నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నాను చెప్పుకోవాలి.

ఎక్కువమంది చేత్తో ముట్టిన యంత్రం మాత్రం ఓటింగ్ యంత్రమే. 1979లో దాని నమూనాను ఈసీఐఎల్ తయారు చేసింది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దాన్ని రాజకీయ పార్టీల ముందు పెట్టి చూపించింది. 1982 మేలో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో యాభై పోలింగ్ కేంద్రాల్లో వాడారు. ఓడిన అభ్యర్థి కోర్టుకెక్కాడు. చట్టంలో బ్యాలెట్ కాగితమనే ఉంది గాని యంత్రమని లేదు కదా అన్నాడు. 1984లో సుప్రీంకోర్టు ఔనంది. యంత్రంలో లోపముందని కాదు, దానికి చట్టంలో చోటు లేదని. ఆ చోటు కల్పిస్తూ పార్లమెంటు చట్టం మార్చింది 1988లో. అప్పటికి హైదరాబాద్‌లో ఆ నమూనా తయారై తొమ్మిదేళ్లు.