యంత్రానికి స్త్రీ స్వరం: కృత్రిమ మేధ చరిత్రలో జెండర్ భావన

కృత్రిమ మేధకు దేహం లేదు, లింగం లేదు. అయినా సమాజం దానిని తరచుగా స్త్రీ పేరుతో, స్త్రీ స్వరంతో ఊహించుకుంది. ఈ ఊహకు మూలం దానికి అప్పగించిన పనిలో కనిపిస్తుంది.

1946లో అమెరికాలో ఎనియాక్ కంప్యూటర్‌ను లోకానికి ప్రదర్శించినప్పుడు, దానికి ప్రోగ్రాములు రూపొందించిన ఆరుగురు స్త్రీలకు తగిన గుర్తింపు దక్కలేదు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ తన సంభాషణా ప్రోగ్రాముకు ‘ఎలైజా’ అని పేరు పెట్టారు. అది బెర్నార్డ్ షా ‘పిగ్మాలియన్’ నాటకంలో ధ్వనిశాస్త్రవేత్త వద్ద మాటతీరు నేర్చుకున్న పూలమ్మి పేరు. యంత్రాన్ని నడిపిన స్త్రీలు మరుగున పడగా, పురుషుడు మాట నేర్పిన స్త్రీ యంత్రానికి ప్రతీక అయింది.

2011లో ఆపిల్ సంస్థ విడుదల చేసిన ‘సిరి’ అమెరికాలో స్త్రీ గొంతుతో, బ్రిటన్‌లో పురుష గొంతుతో పలికింది. స్వరం తయారీదారుల ఎంపిక అని దీనివల్ల స్పష్టమవుతున్నది. దూషణకు సైతం అణకువగా బదులిచ్చే స్త్రీ స్వరాలు, స్త్రీ సేవకే తగినదన్న భావనను బలపరుస్తాయని 2019 నాటి యునెస్కో నివేదిక హెచ్చరించింది.

తెలుగులో ఈ ప్రశ్న మరింత సూక్ష్మమైనది. ‘ఆమె చెప్పింది’, ‘యంత్రం చెప్పింది’ అన్న వాక్యాలలో క్రియారూపం ఒక్కటే. 2023లో తెలుగు టెలివిజన్ తెరపైకి వచ్చిన కృత్రిమ మేధ వార్తావ్యాఖ్యాత ‘మాయ’ది కూడా స్త్రీ రూపమే. అందువల్ల యంత్రానికి స్త్రీ రూపమిచ్చిన సందర్భాలను పరిశీలించేటప్పుడు, దాని రూపకల్పనలో స్త్రీల స్థానమెంత అన్న ప్రశ్ననూ జోడించవలసి ఉంది.