పరుగే ప్రాణం

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. 1808-09 ప్రాంతం. ఇప్పటి అమెరికాలోని మోంటానా. జెఫర్సన్ నదిలో కలిసే ఓ వాగులో జాన్ కోల్టర్, జాన్ పాట్స్ పడవ నడుపుతున్నారు. వాళ్ల పక్కనే నువ్వు.

రాత్రి నీళ్లలో పెట్టిన ఇనుప ఉచ్చులను ఒక్కొక్కటే పైకి తీస్తున్నారు. ఉచ్చు పైన వంచిన పుల్లకు బీవర్ గ్రంథి రసం పూశారు. ఆ వాసనకు వచ్చిన బీవర్ కాలు చిక్కుకుని నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. దాని బొచ్చుతో దూరాన పట్నాల్లో దొరలకు టోపీలు తయారవుతాయి. ఆ బొచ్చు కోసమే వీళ్లు రాత్రి ఉచ్చులు పెట్టి, పగలంతా దాక్కుంటారు.

గట్టు మీద దబదబమని అడుగుల చప్పుడు. మనుషులే, పారిపోదామంటాడు కోల్టర్. అడవిదున్నలంటాడు పాట్స్. అంతలోనే రెండు గట్లూ బ్లాక్‌ఫీట్ తెగ యోధులతో నిండిపోతాయి. ఇది వాళ్ల వేటనేల. 1806లో అమెరికా అన్వేషకుడు లూయిస్ దళం చేతిలో వాళ్ల మనుషుల ప్రాణాలు పోయాయి. శత్రువులైన క్రో తెగ పక్షాన కోల్టర్ కూడా వాళ్లతో పోరాడాడు.

పడవ ఒడ్డు చేరుతుంది. పాట్స్ దాన్ని మళ్లీ నీళ్లలోకి నెడతాడు. అతని ఒంట్లో ఒక బాణం దిగుతుంది. అతని తుపాకీ పేలి ఒక యోధుడు కూలతాడు. మరుక్షణం బాణాల వాన. పాట్స్ ఇక లేవడు.

పట్టుబడ్డ కోల్టర్ ఒంటి మీద నూలుపోగు కూడా మిగల్చరు. పరుగు వచ్చా అని అడిగితే అంతంతమాత్రమే అంటాడు. ఆ అబద్ధమే అతణ్ణి కాచింది. కొన్ని వందల గజాలు ముందు వదిలి, వెంటపడతారు.

అరికాళ్ల నిండా నాగజెముడు ముళ్లు. ముక్కులోంచి కారిన రక్తం ఛాతీ మీదికి జారుతోంది. అందరికన్నా ముందొచ్చిన యోధుడు ఈటె ఎత్తేలోగా కోల్టర్ గిర్రున వెనక్కి తిరుగుతాడు. యోధుడు తూలి పడతాడు, ఈటె విరుగుతుంది. ఆ విరిగిన ముక్కతోనే అతణ్ణి పొడిచి మళ్లీ పరుగు. సుమారు ఆరు మైళ్ల తర్వాత నది. కొట్టుకొచ్చిన దుంగల కింద మెడలోతు నీళ్లలో నక్కుతాడు. వెతికేవాళ్లు ఆ దుంగల మీదే తిరుగుతారు.

చీకటి పడ్డాక ఈదుకుంటూ బయటపడి, దుంపలు తింటూ రోజుల తరబడి నడిచి, బిగ్‌హార్న్ నది దగ్గరి వర్తకుల కోట చేరతాడు.

1810లో కోల్టర్ పరిగెత్తిన ప్రాంతంలోనే అతని పాత సహచరుడు జార్జ్ డ్రూయార్ హతమయ్యాడు. ఆ ఏడే కోల్టర్ కొండలు వదిలాడు. మిస్సోరీలో సేద్యం చేసుకుంటూ కొన్నేళ్లకే జబ్బుతో పోయాడు. తర్వాత పట్టు టోపీల మోజు వచ్చి బీవర్ ధర పడిపోయింది. కోల్టర్ తెగువకు చేతులెత్తి మొక్కాల్సిందే. తమ నేల కోసం నిలబడ్డ బ్లాక్‌ఫీట్ తెగువ అంతకు ఏమాత్రం తక్కువది కాదు. ఇంతమంది నెత్తురు ఒక టోపీ ఖరీదు కాకూడదు.