సంఘం లెక్కల కంప్యూటరీకరణ: బయటి కంపెనీకి అప్పగించదగినది, అప్పగించరానిది

లెక్కల సాఫ్ట్‌వేరును సొంతంగా తయారుచేసుకొనే సంస్థలు అరుదు. తయారీని, అమరికను, పాత ఖాతాల నమోదును, సిబ్బంది శిక్షణను ఒప్పందంపై బయటి కంపెనీలకు అప్పగించడం వాడుక. దీనినే పొరుగుసేవ అంటారు. ఈ పద్ధతి ఇప్పుడు గ్రామ సహకార పరపతి సంఘాల గడప కూడా తొక్కింది.

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలు 63,000 కంప్యూటరీకరణ పొందేందుకు 2,516 కోట్ల రూపాయల పథకాన్ని 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఉమ్మడి సాఫ్ట్‌వేరును నాబార్డు సమకూర్చగా, సంఘాలలో దాని అమరికను, శిక్షణను ఎంపికైన కంపెనీలు చేపడతాయి. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర ఈ పథకంలో చేరాయి.

ఇటువంటి పని సఫలం కావడానికి ప్రధానంగా నాలుగు అంశాలు అవసరం.

మొదటిది, ఒప్పందంలో స్పష్టత. ఏయే ఖాతాలు ఎక్కించాలి, రశీదు ఏ భాషలో రావాలి, లోపం తలెత్తితే ఎన్ని రోజులలో సరిదిద్దాలి, కంపెనీ మారితే లెక్కలు ఎవరి చేతికి రావాలి అన్నవి ముందే రాసుకోవాలి.

రెండవది, పాత లెక్కల శుద్ధి. తప్పు నిల్వను ఎక్కిస్తే కంప్యూటరు ఆ తప్పునే వేగంగా చూపుతుంది. సరిహద్దు గ్రామాలలో పేర్ల చిక్కు అదనం. తమిళ లిపిలో ప, బ లకు ఒకే అక్షరం ఉన్నందున బాపయ్య, పాపయ్య ఒకే పేరుగా కనిపించవచ్చు. తెలుగువారు పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం రాస్తే, తమిళనాట తండ్రి పేరు తొలి అక్షరం రాస్తారు. ఇద్దరి ఖాతాలు కలిసిపోయినా, చెల్లింపు తేదీ తప్పుగా నమోదైనా, పంట రుణాన్ని గడువులోగా తీర్చినవారికి లభించే 3 శాతం వడ్డీ రాయితీకి ముప్పు వస్తుంది.

మూడవది, జంట నిర్వహణ. కొంతకాలం చేతిరాత లెడ్జరును, కంప్యూటరును పక్కపక్కనే నడిపి, రెండింటి మొత్తాలు సరిపోయిన తరువాతనే పాత పద్ధతిని విడవాలి.

నాల్గవది, సంఘం తరఫున ఒక బాధ్యుడు. పని పూర్తయిందని సంతకం చేసే అధికారం, చేయనని నిలబడే ధైర్యం రెండూ అతనికి ఉండాలి.

ఈ జాగ్రత్తలు లోపిస్తే పెద్ద ప్రభుత్వాలు సైతం దెబ్బతింటాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్యశాఖ, బయటి కంపెనీకి అప్పగించిన జీతాల సాఫ్ట్‌వేరును తగినంతగా పరీక్షించకుండానే 2010 మార్చిలో ప్రారంభించింది. వేలాది ఉద్యోగులకు జీతం హెచ్చుతగ్గులుగా అందింది. కొందరికి అసలే అందలేదు. నష్టభారం సుమారు 120 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లని అంచనా. 2013 నాటి విచారణ నివేదిక ప్రభుత్వ పర్యవేక్షణ లోపాలను కూడా ఎత్తిచూపింది.

పనిని అప్పగించవచ్చును గాని బాధ్యతను అప్పగించరాదు. తమ సంఘం ఖాతాలు కంప్యూటరుకు మారుతున్న వేళ ప్రతి సభ్యుడు పాసుపుస్తకాన్ని, రశీదులను వెంట తీసుకువెళ్లి పేరు, వాటా ధనం, బాకీ, చివరి చెల్లింపు తేదీ సరిచూసుకోవాలి. తేడా కనిపిస్తే లిఖితపూర్వకంగా తెలిపి, అందినట్లు సంతకం పొందడం మేలు.